ఎవరండీ ఈవిడ?

మొన్న ఆదివారం అమలాపురంలో ఉన్న మా వదినకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆవకాయ కొలతలు అడిగింది పాపం. టైపు చేద్దామంటే కళ్ళజోడు కనపడలేదు. కనపడినా లాభం లేదు, నేను 'గిద్దె' అని కొడితే ఫోను దాన్ని 'గద్దె' చేస్తుంది. అందుకని మైకు బొమ్మ నొక్కిపట్టుకుని నిమిషంన్నర సేపు చెప్పి పంపేశాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వేలు జారి దానిమీద పడింది, అది మోగింది.

ఎవరండీ ఈవిడ? ముక్కుతో మాట్లాడుతోంది. సన్నగా, సాగదీస్తూ, వీధి కుళాయి దగ్గర బిందె కోసం తగువు పెట్టుకున్నట్టు. పైగా ఆ యాస! ముప్ఫై అయిదేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. కూరల బండివాడితో 'గిట్ల', 'గట్ల' కూడా అనేస్తాను. నా గోదావరి యాస ఎప్పుడో కొట్టుకుపోయిందనీ, అచ్చు పుస్తకంలా మాట్లాడతాననీ ఇన్నాళ్ళూ నా నమ్మకం. ఆ నిమిషంన్నరలో తొమ్మిది 'ఆయ్'లు లెక్కపెట్టాను. సరిగ్గా లెక్కపెట్టానా అని మళ్ళీ విన్నాను. పదకొండు.

మా మేనల్లుడు చెవి డాక్టరు. వాడికి ఫోన్ చేసి ఈ ఫోను మైకు పాడైందిరా అంటే నవ్వాడు. మన మాట మన చెవికి రెండు దారుల్లో వస్తుందిట. నోట్లోంచి బయటికొచ్చి గాలిలో తిరిగొచ్చేది ఒకటి, పుర్రె ఎముకల్లోంచి నేరుగా లోపలి చెవికి పోయేది ఇంకొకటి. ఎముక దారిలో మంద్ర స్వరాలు బాగా ప్రయాణం చేస్తాయి, కనక మన గొంతు మనకి నిండుగా ఉంటుంది. రికార్డులో ఉండేది గాలి దారిన పోయింది ఒక్కటే. చెవుల మీద పనిచేసి 1961లో నోబెల్ అందుకున్న బెకెషీ అనే హంగేరీ ఆయన ఈ రెండూ ఇంచుమించు సమపాళ్ళని ఎప్పుడో తేల్చాడట. ఆవకాయలో ఉప్పూ కారంలాగన్నమాట. "రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని 'ఊఁ' అను అత్తా" అన్నాడు. అన్నాను. అబ్బ, ఎంత గంభీరంగా ఉందో! ఆ గొంతే నాది. కాకపోతే దాన్ని ఈ ప్రపంచంలో నేను తప్ప ఇంకెవరూ వినలేదు, వినబోరు. మా ఆయన కూడా వినలేదు. ఆయనకి తెలిసిందల్లా ఈ కుళాయి దగ్గరావిడే.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫు చేసేదాకా ఈ బాధ ఎవరికీ లేదు, నూతిలోకి కేకేసిన పిల్లల్ని పక్కన పెడితే. త్యాగరాజస్వామి తన గొంతు బయటినుంచి వినకుండానే వెళ్ళిపోయారు. సినిమావాళ్ళది ఇంకో తమాషా. కమల్ హాసన్‌కి తెలుగులో ఏళ్ళ తరబడి బాలసుబ్రహ్మణ్యం గొంతే కదా. ఓసారి టీవీలో ఒక తమిళ సినిమా చూస్తూ, ఈయనకి డబ్బింగు ఎవరో సరిగ్గా చెప్పలేదే అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎనిమిదో తరగతిలో పంద్రాగస్టు పాటకి నన్నూ నిలబెట్టారు. రెండో రోజు రిహార్సల్లో సంగీతం టీచరుగారు హార్మోనియం ఆపి, వరసంతా చూసి, నా దగ్గరకొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పెదాలు కదుపమ్మా, చాలు" అన్నారు. మెల్లగానే అన్నారు. వరసంతటికీ వినపడింది. మూడేళ్ళు కదిపాను, వెనక వరసలో. మూడో ఏడు వచ్చిన పెద్దమనిషి పాట బ్రహ్మాండంగా ఉందని అందరికీ తలో స్టీలు గ్లాసూ ఇచ్చాడు. నాకూ ఇచ్చాడు. అది ఇంకా ఇంట్లోనే ఉంది. నేను మాత్రం అందులో మజ్జిగైనా తాగను. ఆవిడకి చెవుడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ ముక్కుగొంతు ఆవిడ అప్పుడే విందని మొన్న తెలిసింది. అయినా సరే, పెదాలు కదపమంటుందా?

మా నాయనమ్మే నయం. 1986లో మా బాబాయి కువైట్ నుంచి టేప్ రికార్డరు పంపాడు, ఉత్తరాలకి బదులు కేసెట్టు నింపి పంపమని. నాయనమ్మ దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చెంగు సర్దుకుని, "ఒరే అబ్బాయ్, మన నల్లగేదె ఈనిందిరా, పెయ్యదూడ" అని మొదలెట్టి ఊరి కబుర్లన్నీ చెప్పింది. వెనక్కి తిప్పి వినిపించాం. కాసేపు విని ముఖం చిట్లించింది. "ఎవత్తే ఇది? మన గేదె ఈనిన సంగతి దీనికెవరు చెప్పారు?"

సాయంత్రానికి వదిన దగ్గర్నుంచి జవాబొచ్చింది, వాయిస్సే. మెంతులు వెయ్యాలా వద్దా అని. వెయ్యమని మొదట్లోనే చెప్పాను. సరే, ఈసారి గొంతు సవరించుకుని, ముక్కు పట్టకుండా, ఒక్క 'ఆయ్' అయినా దొర్లకుండా, రేడియోలో వార్తలు చదివినట్టు మెంతుల సంగతి చెప్పి పంపాను. రెండు నిమిషాల్లో మళ్ళీ మోగింది.

"జలుబు చేసిందా ఏంటమ్మాయ్? నీ గొంతులా లేదు."