ఇనుమునకు శ్రుతి

విజయవాడ ఆటోనగరులో మా మేనమామ లారీలకు మరమ్మతులు చేసెడి మేస్త్రి యొకడుండెను. ఇంజను నడుచుచుండగా ఆయన పొడవాటి స్క్రూడ్రైవరు మొనను హెడ్డుమీద ఆనించి, పిడిని చెవికి చేర్చి, కన్నులు మూసికొని, రోగి యెదను వినెడి వైద్యునివలె కొంతసేపు నిలిచి, "రెండో ట్యాపెట్టు" అనియో, "బేరింగు పోతోంది" అనియో ఒక్క మాట చెప్పెడివాడు. విప్పి చూచినపుడు ఆ మాట తప్పుట నేనెరుగను. 1983 డిసెంబరులో ఢిల్లీలో తొలిసారి వెలువడిన మారుతి 800 కారు కొంతకాలమునకు మా పట్టణమునకును వచ్చినది. దానిలోనిది సుజుకీవారి మూడు సిలిండర్ల, 796 సి.సి. ఇంజను. మేస్త్రి తన యలవాటు చొప్పున చెవి యానించి, చాలసేపు విని, స్క్రూడ్రైవరును భుజముమీది గుడ్డతో తుడిచికొనుచు, "ఇందులో ఇనటానికేం లేదు బాబూ" అనెను. ఆ మాటలో మెచ్చికోలున్నదో, దిగులున్నదో, బాలుడనైన నాకు తెలియలేదు.

చాల యేండ్లకు పిమ్మట, ఉద్యోగరీత్యా టోక్యోలో, భారతీయులు మిక్కుటముగా నివసించెడి నిషి-కసాయి పేటలో నున్న కాలమున, ఒక శీతకాలపు ఆదివారములన్నియు నేను యొకోహామా శివారునందలి యొక చిన్న కార్ఖానాలో గడపితిని. రేకుల కప్పు, గోడకు కొలతల వరుసను వ్రేలాడు స్పానర్లు, మూలనున్న కిరోసిను పొయ్యి, దానిపై సదా మరుగుచుండెడి నీటి పాత్ర, అన్నిటిని ఆవరించిన నూనెవాసన. యజమాని డెబ్బది యేండ్లు దాటినవాడు. పనివారెల్లరు ఆయనను "ఒయకత" అని పిలుతురు. మనము మేస్త్రి యనుటయే యది. పాత కార్లను ఆ దేశమున "క్యూషా" అందురు. ఆ క్యూషాల ఇంజన్లను విప్పి, సరిచూచి, మరల కూర్చి, వాటియందు నిద్రించుచున్న శక్తిని మేలుకొలుపుట ఆయన వృత్తి. ఆ పనిని వారు "ట్యూనింగు" అనెదరు. మన భాషలో దానికి శ్రుతిచేయుట యనుకంటె దగ్గరి మాట లేదు. ఆ మాట యెంత లోతుగలదో నేనక్కడనే నేర్చితిని.

ఆ శీతకాలమున ఆయన చేతిలో నున్నది 1974 నాటి నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్. పదవీవిరమణ చేసిన యొక రైలు డ్రైవరు యౌవనమున కొని, నేటివరకును విడువక ఉంచుకొన్న కారది. ఈ జాతి కారు 1969లో పుట్టినది. నిస్సాన్ అధ్యక్షుడైన కవమాత కత్సుజి అమెరికాలో చూచి ముగ్ధుడైన "మై ఫెయిర్ లేడీ" సంగీతనాటకమునుండి ఆ పేరు వచ్చెను. పూలమ్ముకొను పిల్ల పలుకును ఒక్కొక్క యక్షరము విని, దిద్ది, తీర్చిన గురువు కథ యది యని తలచినపుడు, శ్రుతిచేయించుకొనుటకు ఇంతకంటె తగిన పేరుగల బండి లోకమున లేదనిపించును. సముద్రమున కావల దీనిని 240 జెడ్ అను పేర 3526 డాలర్లకు అమ్మించి, "మిస్టర్ కె" యని అమెరికన్లు ఆప్యాయముగా పిలుచుకొన్న కతయామా యుతాకా 105 ఏండ్లు జీవించి 2015లో కన్నుమూసెను. అమెరికాకు పోయిన బండ్లలో 2393 సి.సి. ఇంజను, జపానులో, రెండువేల సి.సి. దాటిన కారుకు పన్ను భారము హెచ్చగుటచేత, సామాన్యముగా అమ్మబడినది 1998 సి.సి. ఇంజను. రెండును ఒకే వంశమువి. ఆ వంశము పేరు ఎల్.

ఆ వంశపు లక్షణములను ఒయకత తన కుటుంబ చరిత్ర చెప్పినట్లు చెప్పెడివాడు. ఆరు సిలిండర్లు ఒకే వరుసన నిలిచియుండును. పోత ఇనుప దిమ్మ. క్రాంకు షాఫ్టును ఏడు చోట్ల పట్టి నిలిపెడి బేరింగులు. 1-5-3-6-2-4 అను వరుసను నిప్పు రగులును. కర్మాగారమునుండి వెలువడు ఇంజను ఒక సగటు. అది మంచుకురియు హొక్కైదోలోను నడువవలెను, ఎండలు మండు దేశములలోను నడువవలెను. నాసి పెట్రోలును త్రాగి, ఆయిలు మార్చని యజమానిని సహించి, లక్ష కిలోమీటర్లు మోయవలెను. కావున దానిని గీసినవారు ప్రతిచోట కొంత మిగులు విడిచిపెట్టుదురు; చేసినవారు వేలకొలది పోతలలో అచ్చముగా ఏ రెండును ఒకటికాని భాగములను, అంగీకృతమైన తేడాల హద్దులోపల, దొరికినదానికి దొరికినది జతపరతురు. ఆ మిగులును గుర్తించి వినియోగించుట, ఆ తేడాలను ఒక్కొక్కటిగా తొలగించుట, ఈ రెండే ట్యూనింగు. సంస్థ వేయింటికి చేసిన పనిని మేస్త్రి ఒక్కదానికి మరల చేయుచున్నాడు.

ఈ బండి దిమ్మ దాని తొలి దిమ్మ కాదు. అదే వంశములో తరువాత వచ్చిన ఎల్ 28 అను 2753 సి.సి. ఇంజనును అందు నిలిపిరి. సెడ్రిక్ వంటి పెద్ద కార్లకై ఆ వంశముననే ఎల్‌డీ 28 అను డీజిలు ఇంజను కూడ పుట్టెను. దాని క్రాంకు త్రిప్పు పిస్టనును 79 కాక 83 మిల్లీమీటర్లు నడపును. పాత ఇనుము అంగళ్లలో ఆ డీజిలు క్రాంకులను వెదకి తెచ్చి, ఎల్ 28 దిమ్మలో కూర్చి, 86 మిల్లీమీటర్ల సిలిండరును 89కి బోరు చేయించినచో 3098 సి.సి. అగునని జపాను మేస్త్రీలు కనిపెట్టిరి. బరువులు మోయుటకు పుట్టిన డీజిలు ఎముకను పందెపు గుఱ్ఱము వెన్నులో అమర్చిన ఆ యుక్తిని ఏ కంపెనీ పుస్తకమును నేర్పలేదు. ఇది చేతులు కనుగొన్న జ్ఞానము. మూలమున 130 అశ్వశక్తులుగా చెప్పబడిన బండిని ఈ దారిన 300 వరకు తీసికొనిపోగల నేర్పరులు అక్కడ కలరు.

ఆ బోరింగు పనిని నేను దగ్గర నిలిచి చూచితిని. దిమ్మను యంత్రమునకు ఎక్కించుటకు ముందు ఒయకత దానిపై దళసరి ఇనుప పలక యొకటి పెట్టెను. సిలిండర్లున్న చోట్ల దానికి ఆరు గుండ్రని కంతలు. చుట్టును బోల్టుల రంధ్రములు. క్రింద గాస్కెట్టు పరచి, పదునాలుగు బోల్టులను, నడుమనుండి అంచులవైపు, కొంచెము కొంచెముగా, నిజమైన హెడ్డును బిగించునంత బలముతోనే బిగించెను. "ఇది హెడ్డు కాదు గదా, తీసివేయబోయే దానిని ఇంత శ్రద్ధగా బిగించడమెందుకు?" అని యడిగితిని. ఆయన ఉత్తరమీయక కొలత పరికరమును సిలిండరులోనికి దింపి, ముల్లు నాకు చూపెను. బిగింపునకు ముందు అన్ని దిక్కుల ఒక్కటిగా నున్న కొలత ఇప్పుడు మిల్లీమీటరులో నూరవవంతు మేర అటునిటు తొలగియున్నది. ఇనుము కూడ బరువు పడినపుడు వంగును. విడిగా నున్నపుడు గుండ్రముగా తొలచినచో, హెడ్డు బిగియగానే ఆ గుండ్రన చెడును. బిగించి, వంచి, ఆ వంపులోనే గుండ్రముగా తొలచినచో, పలక తీసినపుడు అది కోలగా కనబడవచ్చును గాని, పనిలో దిగినపుడు నిండు వృత్తమగును. "తీరికగా ఉన్నప్పుడు గుండ్రంగా ఉండటం ఎవరికైనా సాధ్యమే," అని ఆయన మెల్లగా ననెను. "బిగించినప్పుడు గుండ్రంగా ఉండాలి." ఆ సాయంకాలము రైలులో ఇంటికి వచ్చుచు నేను ఇనుమును మరచితిని, బరువు పడిన వేళనే తమ నిజరూపమును నిలుపుకొన్న మనుష్యులు, నేనెరిగినవారు, ఒక్కొక్కరే కన్నుల ముందు నిలిచిరి.

మరియొక ఆదివారము తూనిక. ఆరు పిస్టనులు, ఆరు కనెక్టింగు రాడ్లు, పిన్నులు, రింగులు బల్లమీద తెల్లని గుడ్డపై పరచి, చిన్న త్రాసులో ఒక్కొక్కటి తూచి, బరువును సుద్దతో వ్రాసి, అన్నిటికంటె తేలికయైన దానిని ఆదర్శముగా తీసికొని, తక్కిన యైదింటిని, బలమునకు హాని కలుగని చోట, ఆకురాతితో కొంచెము కొంచెముగా అరగదీయుచు, మరల తూచుచు, అన్నియు అరగ్రాము లోపలికి వచ్చువరకు ఆయన తల యెత్తలేదు. అరగ్రామనగా మన కంసాలి లెక్కలో నాలుగు గురిగింజల యెత్తు. కాని నిమిషమునకు ఏడువేల చుట్లు తిరుగునపుడు, పైకి పోయిన పిస్టను ఆగి వెనుదిరుగు క్షణమున, దానిపై పడు ఒత్తిడి దాని బరువునకు సుమారు 3000 రెట్లుండును. బల్లమీద ఒక గ్రాముగా కనబడిన తేడా అక్కడ మూడు కిలోల సుత్తియై క్రాంకును కొట్టును. కంసాలి తూచునది బంగారము విలువ. ఈయన తూచునది కలహపు విలువ.

శ్రుతి యను మాట అక్షరాల నిజమగునది కార్బురేటర్ల యొద్ద. కర్మాగారము పెట్టిన రెండు హిటాచీ కార్బురేటర్లను తీసి, వాటి చోట మికునీవారు ఫ్రెంచి అనుమతితో చేసిన సోలెక్సులను మూడింటిని నిలుపుదురు. ఒక్కొక్కదానికి రెండు గొంతులు, కావున ప్రతి సిలిండరునకు తనదైన యొక గొంతు. ఒయకత రబ్బరు గొట్టము ఒక కొనను చెవిలో నుంచుకొని, రెండవ కొనను ఒక్కొక్క గొంతునొద్ద పట్టి, లోనికి పోవు గాలి ఈలను వినుచు, మరను ఇసుమంత త్రిప్పును. ఆరు ఈలలు ఒక్క స్థాయికి వచ్చువరకు అదే పని. పిమ్మట పెట్రోలు. బరువు లెక్కను ఒక పాలు పెట్రోలు నిశ్శేషముగా కాలుటకు 14.7 పాళ్ల గాలి కావలెను. అత్యధిక శక్తి కోరినపుడు గాలి 13 పాళ్లకు లోపునకు తగ్గును. ఈ లెక్క తెలిసినంతనే జెట్లు కుదురవు. బండిని నడిపి, నిలిపి, స్పార్కు ప్లగ్గులను విప్పి, వాటి కొనల రంగు చూడవలెను. మసి నలుపైనచో పెట్రోలు ఎక్కువ, తెల్లబారినచో తక్కువ, సరియైన రంగును జపానువారు "కిత్సునె-ఇరో", నక్క వన్నె, అందురు. మనవారైనచో లేత బెల్లపు వన్నె యందురు. వేడెక్కిన ఇంజనులో లోనికి పోవు వాల్వునకు 0.25, బయటికి వచ్చుదానికి 0.30 మిల్లీమీటర్ల సందు విడిచి బిగించుటయు, ఫీలర్ గేజి ఆకు ఆ సందులో జారునపుడు వ్రేళ్లకు తోచెడి మెత్తని పట్టును గుర్తించుటయు ఈ విద్యలోనివే.

అయితే, శక్తి యెన్నడును ఊరక రాదు. క్యామ్ షాఫ్టు వాల్వులను ఎక్కువసేపు తెరచియుంచినచో పరుగులో ఊపిరి హెచ్చును గాని, కూడలిలో ఆగినపుడు ఇంజను తడబడును. కంప్రెషను పెంచినచో మేలైన పెట్రోలు కావలెను. అది లేనిచో నాకింగు పుట్టి పిస్టనును తినివేయును. ఎల్ వంశమున గాలి పోవు దారియు, పొగ వచ్చు దారియు తలకు ఒకే ప్రక్కన నుండుటచేత, శక్తితోపాటు వేడి పెరిగి కార్బురేటర్లను క్రిందినుండి కాచును. అడ్డముగా రేకు కట్టవలెను. ఒక స్వరము హెచ్చించినచో తక్కినవన్నియు దానికి తగ సవరింపబడవలెను. ఒయకత బల్లపై కాగితములు ఎగురకుండ పెట్టిన పిస్టను యొకటి కలదు; దాని నడినెత్తిన రూపాయి బిళ్లంత రంధ్రము, అంచులు కరిగి మైనమువలె జారియున్నవి. పాతికేండ్ల వయసున, ఇంకొంచెము వేగమునకై, ఆయన జెట్టును ఒక్క సంఖ్య చిన్నది చేసెను. ఆ రాత్రి రహదారిపై బండి మునుపెన్నడు లేనంత తేలికగా పరుగెత్తినదట. ఆ తేలికతనమే దాని మరణ వేదన యని ఆయనకు తెలియలేదు. "అది ఎంత బాగా పాడిందో ఇప్పటికీ వినిపిస్తుంది," అని ఆయన ఆ కన్నమును బొటనవ్రేలితో తడవి, చాలసేపు మాటాడలేదు. ఎక్కడ ఆపవలెనో యెరుగుట ఈ విద్యలో కడపటి పాఠమని, దానిని ఆయనకు నేర్పిన గురువు ఆ పిస్టనే యని నేను గ్రహించితిని.

ఆ దేశపు చట్టములును ఈ విద్యకు చాలకాలము కఠినముగనే యుండెను. యమహాలో ఇంజనీరుగా పనిచేసిన హసెగావా హిరొయుకి 1973లో ఫుజీ పర్వతపు పాదమున హెచ్‌కేఎస్ సంస్థను నెలకొల్పిన నాళ్లలో, మార్పులు చేసిన బండి యనిన పోలీసులకు అనుమానమే. 1995లో గాని నిబంధనలు సడలలేదు. నేటికిని రెండేండ్ల కొకసారి "షాకెన్" అను తనిఖీ. పదుమూడేండ్లు దాటిన పెట్రోలు కారుకు అదనపు పన్ను. ఇంజను పరిమాణము మారినచో ఆ మార్పును కారు పత్రములలో ఎక్కించుకొనవలెను. ఇన్ని భారములను మోయుచు ఏబదియేండ్ల బండిని నిలుపుకొనుట ఆడంబరము కాదు. అది ఒక చేతిపనికి చెల్లించెడి గౌరవము. ఆ ఇనుప దిమ్మ కరిగిపోయినచో, దానిని వినగల చెవులును వెంట పోవును.

ఇంజను కూర్చుట ముగిసిన పిదపను తొందర లేదు. లోపలి భాగములు ఒకదానితో నొకటి రాచుకొని ఒద్దికపడుటకు వేయి కిలోమీటర్లు నెమ్మదిగా నడుపవలెను. దానిని "నరాషి" అందురు. అలవాటు చేయుట యని అర్థము. కొత్త కోడలిని ఇంటికి అలవాటు చేసినట్లు రైలు డ్రైవరుగారు ఆ వేయి కిలోమీటర్లను రెండు నెలలు నడపెను. ఫిబ్రవరి తుదిని, ఆయిలు మార్చిన మరునాటి యుదయమున, ఒదవారానుండి హకొనె కొండదారి నెక్కితిమి. తొలి మలుపులలో గొంతులు ఆరును వేరువేరుగా వినవచ్చెను; ముల్లు 4000 దాటినంతనే అవి ఒండొంటిలో కలిసి, ఒకే తంత్రిని ఒకే చేయి మీటినట్లు, ఒక్క నాదమై కొండల మీదుగా సాగెను. దైకన్‌జాన్ శిఖరమున బండి నిలిపినపుడు ఎదుట మంచు కప్పిన ఫుజీ పర్వతము నిర్మలముగా కనబడుచుండెను.

వెంట వచ్చిన ఒయకత ఇంజనును ఆపనీయలేదు. బానెట్టు ఎత్తి, కొయ్యపిడిగల తన ఉక్కు కడ్డీని దిమ్మకానించి, ఒక్కొక్క సిలిండరును వినెను. పిదప ఎన్నడు లేనిది, ఆ కడ్డీని నా చేతికిచ్చెను. నేను కన్నులు మూసికొని పిడిని చెవికి చేర్చితిని. ఆయిలు పరుగు, గొలుసు మెదలుట, లోలోపల ఎడతెగని యొక మెత్తని గుసగుస. ఎచ్చటను ఎవరును ఎవరిని కొట్టుట లేదు. "ఏం వినిపిస్తోంది?" అని ఆయన యడిగెను. కన్నులు తెరువకయే, ఆటోనగరులో చిన్ననాట విన్న మాటను నేను జపాను భాషలో చెప్పితిని: "వినటానికి ఏమీ లేదు." ముదుసలి మోము వికసించినది. ఆనాడు మా మేస్త్రి స్క్రూడ్రైవరు తుడిచికొనుచు తల వంచినది దేనికో, నాకప్పుడు తెలిసినది.