నిర్మల్ బొమ్మ నునుపు

కరీంనగర్ నుంచి జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, అక్కడ ఉత్తరానికి తిరిగి, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ పట్నం వస్తుంది. 2016 దాకా ఇది ఆదిలాబాదు జిల్లాలోది. ఇప్పుడు ఇదే ఒక జిల్లాకు ముఖ్యపట్నం. కొయ్యబొమ్మలకు పుట్టినిల్లు.

బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు. అది బెండులాగా తేలిక. నకాషీలు ఒక్కొక్క ముక్కా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆరాక తెల్లసుద్ద పూస్తారు. తరువాత బొమ్మలు చేసేచోట వినిపించేది సరసరమనే చప్పుడు. అదే ఉప్పుకాగితంతో రుద్దటం.

పేరుకు ఉప్పుకాగితం, అందులో ఉప్పు లేదు! కాగితానికి జిగురు పూసి, గట్టి రాతిపొడి చల్లి చేస్తారు. పూర్వం గాజుపొడి వాడేవారు. ఎర్రని గార్నెట్ రాయి కొయ్యపనికి మంచిది. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకు పేరుపొందింది. కురువిందంలో ఉండే పదార్థాన్నే ఇప్పుడు బాక్సైటునుంచి కొలిమిలో తయారుచేస్తున్నారు. నల్లగా మెరిసే సిలికాన్ కార్బైడును 1891లో అమెరికాలో ఎచిసన్ కనిపెట్టాడు. కరీంనగర్ గ్రానైటు వంటి గట్టిరాయిని అరగదీయటానికి అటువంటిదే కావాలి. ఈ కాగితాలేవీ లేనికాలంలో గరుకైన బరిణిక ఆకులతో కొయ్యను రుద్దేవారు.

కాగితం వెనక అంకె ఉంటుంది, చూడండి. 60 అంటే ముతక, 120 మధ్యరకం, 220 సన్నం. అంకె పెరిగినకొద్దీ పలుకు చిన్నదవుతుంది. ముతకది గడ్డలు తీస్తుంది, కాని గీతలు మిగులుస్తుంది. వాటిని మధ్యరకం, దాని గీతలను సన్నం చెరిపేస్తాయి. మధ్యమెట్టు దాటేస్తే ఏమవుతుంది? రంగు వేస్తే గీత మూసుకుపోతుందనుకుంటాం. నిజానికి మెరిసే రంగు కింద అది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది!

పొనికి చెట్లు అడవుల్లో తగ్గిపోతున్నాయి. కర్ర దొరకటమే కష్టం. అందుకే తొందరపాటు తగదు. పాడైన ముక్కతోపాటు చెట్టు భాగం కూడా వృథా అవుతుంది.

మీరూ ఒక చెక్కముక్క తీసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నార పోయిన దిక్కునే రుద్దండి. తరువాత కళ్ళు మూసుకుని వేలితో తడమండి. కంటికి అందని గీత వేలికి అందుతుంది. బొమ్మలు చేసేవారి చేతులకు ఆ సంగతి బాగా తెలుసు.