గోడ దాటిన పాఠం

పూర్వ విద్యార్థులు చందాలు వేసుకొని మా హాస్టల్‌కు స్మార్ట్ టీవీ ఇచ్చారు. సంతోషమే. కానీ టీవీ హాల్లో, ఇంటర్నెట్ పెట్టె వార్డెన్ సారు గదిలో. నడుమ ఒక వరండా, రెండు రాతి గోడలు. దేవరకొండ వైపు పాత కట్టడాల్లో గోడలు ఎంత మందం ఉంటాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు.

టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అని నొక్కితే మా పెట్టె పేరు రెండుసార్లు కనిపించింది. ఒకదాని చివర 5జి అని ఉంది. అది సెల్‌ఫోన్ 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ తరంగం. దానికి వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్‌ది నిదానమే గాని గోడలు దాటి వస్తుంది. అందుకని దానికే కలిపాం. రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టడం వేరే కథ. ఒకరు కొడుతుంటే చుట్టూ 60 మంది సలహాదారులు. "అన్నా, చిన్న ఎ కాదే, పెద్ద ఎ!"

కనెక్ట్ అయిందని రాసి వచ్చింది, బొమ్మ మాత్రం రాలేదు. టీవీలో తేదీ పాతది ఉంది. తేదీ తప్పుంటే భద్రత పరీక్ష కుదరక నెట్టులో చాలావరకు ఏదీ తెరుచుకోదు. తేదీ సరిచేయగానే టీ-శాట్ విద్య పాఠం వచ్చింది. హాలంతా ఒకటే చప్పట్లు.

ఇంత ఆరాటం ఎందుకంటే మాకు సెల్‌ఫోన్లు లేవు. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు చెప్పారు. మాలో పెద్దవాళ్లు అప్పుడు చిన్న తరగతులు. ఇంట్లో టీవీ లేనివాళ్లం పక్కింటి గడపలో కూర్చున్నాం. కరెంటు పోతే ఆ పాఠం పోయినట్టే.

అంతకుముందు కూడా అంతే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. వాటిలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. కోళ్ల గూటి జాలీ లాంటి తీగతో అల్లిన 10 అడుగుల గొడుగు పెట్టి బొమ్మను పట్టేవారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఎంత గొప్ప పని! అయినా అర్థం కాని పిల్లవాని కోసం ఆ ప్రసారం ఆగేది కాదు.

మా టీవీ ఆగుతుంది. త్రికోణమితి పాఠం నడుస్తుండగా తండా నుంచి వచ్చిన ఒక తమ్ముడు, క్లాసులో ఎన్నడూ నోరు విప్పనివాడు, "ఇంకోపారి ఎయ్యిండ్రి" అన్నాడు. వెనక్కి తిప్పాం. మళ్లీ అడిగాడు, మళ్లీ తిప్పాం. మూడోసారికి అడిగింది వాడు కాదు, ముందు వరుసలోని ఫస్టు ర్యాంకు అన్న!

సాయంత్రం అందరి ఫోన్లూ అదే పెట్టెకు తగిలితే బొమ్మ గిరగిరా తిరిగేది. అప్పుడు సారు లాన్ కేబుల్ తెప్పించారు. 100 మీటర్ల దాకా అది బాగా పనిచేస్తుంది, మాకు 20 చాలాయి. మొదట కిటికీలోంచి లాగాం గాని వానొస్తే కిటికీ మూయడం కుదరలేదు, ఎలుకల భయం ఒకటి. ఇప్పుడు ప్లాస్టిక్ పైపులో దూర్చి గోడకు బిగించాం. ఆదివారం సినిమా వేయాలా వద్దా అన్న పంచాయితీ ఇంకా తెగలేదు. వచ్చే ఏడు వచ్చే తమ్ముళ్లారా, ఆ పైపు మీద తువ్వాళ్లు ఆరేయకండి.