చదవని కాగితం

శాంతిపురంలో మా మక్తబ్ అసర్ నమాజు అనంతరం ఆరంభమై ఇషా వరకు సాగుతుంది. అయిదేళ్ల క్రితం ఒక సాయంత్రం, పట్టుగూళ్ల వ్యాపారం చేసే ఒక తండ్రి తన పదకొండేళ్ల కుమారుని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. "హజ్రత్, వీడి చేత సైనిక్ స్కూలు పరీక్ష రాయించమని బడిలో మాస్టారు అంటున్నారు. తమరు ఎలా చెబితే అలా చేస్తాం" అన్నాడు.

ఆ బాలుడు అప్పటికే అయిదు పారాలు కంఠస్థం చేశాడు. అంతటి నిర్దుష్టమైన ఉచ్చారణ గల పిల్లలు మా బోధనా జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. మేము ఆ కాగితాన్ని చదవనైనా చదవలేదు. "ముందు హిఫ్జ్ పూర్తి కానివ్వండి భాయ్, తరువాత చూద్దాం" అన్నాము. ఆయన మారుమాటాడకుండా సలాం చెప్పి వెళ్లిపోయాడు.

ఏడాది గడిచింది. చిన్న కూతురిని తీసుకువెళ్లడానికి వచ్చిన ఆ బాలుని తల్లి తలుపు వద్ద నిలబడి, "హజ్రత్, వీడికి వయసు దాటిపోయిందట" అన్నది. ఆమె స్వరంలో ఫిర్యాదు లేదు. ఉన్నట్లయితే మాకు కొంత తేలికగా ఉండేది.

అప్పుడు విచారించాము. సైనిక్ పాఠశాలలో ఆరవ తరగతికి మార్చి 31 నాటికి పదేళ్లు నిండి, పన్నెండు దాటకుండా ఉండాలి. ఆ ప్రవేశపరీక్షను తెలుగులోనైనా ఉర్దూలోనైనా రాయవచ్చు. 300 మార్కుల్లో సగం గణితానికే. ఆ తలుపు మూసుకుపోతే ఇక మిగిలేది తొమ్మిదవ తరగతి. దానికి వయసు 13 నుండి 15. ఆ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. తన మాతృభాషలో రాయగలిగిన పరీక్షను మా ఒక్క మాట వల్ల ఆ పిల్లవాడు పోగొట్టుకున్నాడు.

పశ్చాత్తాపంతో మేము ఆ విద్య ఎటువంటిదో తెలుసుకోదలచాము. మా మండలంలోనే ఒక విశ్రాంత హవల్దారు ఉన్నారు. ఆయన ఎన్నో సాయంత్రాలు ఓపికతో వివరించారు. సైన్యాధికారులు కొన్ని ప్రాంతాల నుండి, కొన్ని వర్గాల నుండి మాత్రమే వస్తున్నారన్న లోటును సరిదిద్దడానికి 1961లో రక్షణమంత్రి కృష్ణమీనన్ కాలంలో ఈ పాఠశాలలు ఆరంభమయ్యాయి. సామాన్యుల పిల్లలను జాతీయ రక్షణ అకాడమీకి సిద్ధం చేయడం వాటి ఉద్దేశం. 1962లో విజయనగరం వద్ద కోరుకొండలో ఒకటి వెలసింది. మన కలికిరిలోనిది 2014 నాటిది. అంతకాలం తరువాత మన సీమకు వచ్చిన అవకాశాన్ని మేము గడప వద్దనే ఆపివేశాము.

ఆయన చెబుతుండగా మాకు మా మదర్సా రోజులే గుర్తుకు వచ్చాయి. తెల్లవారకముందే లేవడం, పక్కబట్టలు మడిచి పెట్టడం, గంట మోగగానే వరుసలో నిలబడడం, ఒక ఇనుప పెట్టెలో సర్వస్వం సర్దుకోవడం, మొదటి నెల రాత్రులు దుప్పటి కింద అమ్మ కోసం ఏడవడం. మేము ఫజ్ర్ తరువాత ఖుర్ఆన్ తెరిచేవాళ్లం, వారు మైదానానికి పరుగెత్తుతారు. ఆపైన తరగతులు, ఆటలు, రాత్రి చదువు, ఎన్.సి.సి. కవాతు.

ఒక సంగతి పాఠకుల నుండి దాచము. సైనిక జీవితంలో మనవారికి చిక్కులున్నాయి. గడ్డం పెంచిన ఒక ముస్లిం వాయుసేన ఉద్యోగి తొలగింపును 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు మా మనసులో ముల్లులా ఉన్నది. అయితే అదే భారత సైన్యం మౌల్వీలను కూడా మతబోధకులుగా నియమించి, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదా ఇస్తుంది. డిగ్రీతో పాటు మా మదర్సాల ఆలిమ్ పట్టా వంటిదే దానికి అర్హత. ఇన్నేళ్లు అరబీ బోధించిన మాకు ఈ సంగతి ఒక హవల్దారు చెబితే గాని తెలియలేదు.

బాలుడు తొమ్మిదవ తరగతి పరీక్షకు పూనుకున్నాడు. ఇషా తరువాత మా మక్తబ్ గదిలోనే బడి మాస్టారు ఇంగ్లీషు, గణితం చెప్పేవారు. దైవప్రవక్త (స) ఆదేశంపై జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని కొద్ది రోజుల్లోనే నేర్చుకున్న వృత్తాంతాన్ని మేమే ఎన్నిమార్లో ప్రసంగాలలో చెప్పాము. ఆచరణకు వచ్చేసరికి ఆ బాలుడు మాకన్నా ముందున్నాడు. అల్లాహ్ అనుగ్రహం వల్ల సీటు వచ్చింది. వి.కోట, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మీదుగా కలికిరికి మేమూ వెంట వెళ్లాము. తిరుగు ప్రయాణంలో తండ్రి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

ఇప్పుడు అతడు పదకొండవ తరగతి. గత సెలవుల్లో మక్తబ్‌కు వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. జుట్టు పొట్టిగా, వీపు నిటారుగా ఉన్నది. ఫజ్ర్ పరుగుకు ముందే చదువుకుంటానని, మగ్రిబ్ ఆటలు ముగిశాక దొరుకుతుందని, అసర్ విషయంలోనే కష్టమని ఉన్నదున్నట్లు చెప్పాడు. నాలుగవ పారా వినిపించమన్నాము. రెండుచోట్ల తడబడ్డాడు. మేము నోరు తెరవకముందే వెనక్కు వెళ్లి తానే దిద్దుకున్నాడు.

లేచి వెళుతూ, "హజ్రత్, చెల్లికి ఈ ఏడు పదేళ్లు నిండుతాయి. ఇప్పుడు ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు" అన్నాడు. తండ్రి తలుపు వద్దనే ఉన్నాడు, చేతిలో అటువంటి కాగితమే ఉంది. ఆడపిల్ల వసతి గురించి, పరదా గురించి మాకు అడగవలసినవి చాలా ఉన్నాయి. అయినా చెయ్యి చాచి కాగితం తీసుకున్నాము, కళ్లద్దాలు తెమ్మని ఒక పిల్లవాడిని పంపాము.