మా కొండ కాఫీ ఏ గ్లాసులో ఉంది?

మా ఇంటికి కాఫీ తోట ఉంది. మా ఇంట్లో కాఫీ తాగే అలవాటు లేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

పాడేరు వైపు మా ఊరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి దాకా మా పిల్లలు బడికి ఎందుకు సరిగ్గా రారో ఇక్కడ పనిచేసే టీచర్లకి వేరే చెప్పక్కర్లేదు. నేనూ అలా ఎగ్గొట్టినవాణ్ణే. పళ్ళు కోస్తూ ఒకటి నోట్లో వేసుకుని, పైనున్న తీపి చప్పరించి, గింజ ఉమ్మేసేవాళ్ళం. మాకు తెలిసిన కాఫీ రుచి అదొక్కటే. పొద్దున్నే చోడి అంబలి, చుట్టాలొస్తే సంతలో కొన్న పొడితో టీ. గింజ సంచిలోకి ఎక్కి కొండ దిగిపోయాక అది ఏమవుతుందో, ఎవరు తాగుతారో మా అయ్య ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

అడిగించినవాడు నా దగ్గర నాలుగో తరగతి చదివిన కుర్రాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో పని. మొన్నటికి ముందు సంక్రాంతికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, తన ఉద్యోగం గురించి చెప్పాడు. అక్కడ కొత్తవాళ్ళకి వైన్ రుచులు నేర్పుతారట. కేబర్నే సావిన్యోన్ అని ఒక నల్ల ద్రాక్ష. అదే ద్రాక్ష ఫ్రాన్సులో బోర్డో కంకర నేలల్లో పండితే ఒక రుచి, అమెరికాలో నాపా లోయలో పండితే ఇంకొకటి, ఆస్ట్రేలియాలో కూనవారా ఎర్రమట్టిలో మరొకటి. చలి ఎక్కువై పండు సరిగ్గా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వస్తుందట. ఎండ బాగా తగిలితే నేరేడు పండులాగా చిక్కగా ఉంటుందట. తోలు మందం కాబట్టి ఎక్కడ పండినా నాలుక మీద వగరు మాత్రం ఉంటుంది. "ధర చూసి రుచి చెప్పేవాళ్ళే ఎక్కువ మాస్టారూ. చిలీ దేశం సీసా తక్కువ ధరకి వస్తుంది. పేరు దాచి పోస్తే బోర్డో అనుకుని మెచ్చుకుంటారు" అని నవ్వాడు.

నేను వైన్ తాగలేదు. కాని వాడు చెప్పేది నాకు కొత్తగా అనిపించలేదు. మా చిన్నాన్న జీలుగు కల్లు ఒక గుక్క తాగి, ఏ గట్టు చెట్టుదో, పొద్దుటిదో నిన్న సాయంత్రానిదో, కుండ సరిగ్గా కడిగారో లేదో చెప్పేస్తాడు. ఇప్పసారా సంగతీ అంతే. ఈ నాలుకని హోటల్లో డబ్బులిచ్చి నేర్పిస్తున్నారన్నమాట.

వాడే ఇంకో కథ చెప్పాడు. 1976 మే 24న ప్యారిస్‌లో ఒక పోటీ పెట్టారు. స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి ఫ్రెంచి నిపుణుల్ని కూర్చోబెట్టి, సీసాల పేర్లు దాచి, నాలుగు బోర్డో వైన్లూ ఆరు కాలిఫోర్నియా కేబర్నేలూ కలిపి పోయించాడు. గెలిచింది కాలిఫోర్నియా. స్టాగ్స్ లీప్ వారి 1973 నాటి కేబర్నే అది. మూడేళ్ళ లేత తీగల పంట. చేసినాయన వారెన్ వినియార్‌స్కీ. అంతకుముందు షికాగో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడట. (ఇది విని నాకు కొంచెం గర్వంగా అనిపించిందని ఒప్పుకుంటాను.) రెండో స్థానం మూటాన్ రోత్‌షీల్డ్‌ది, ఎన్నో తరాల పేరున్న బోర్డో తోట. ఫలితం చదివాక న్యాయనిర్ణేతల్లో ఒకామె తన మార్కుల కాగితం వెనక్కి ఇచ్చేయమని అడిగిందట.

"మన కాఫీకి కూడా అలా పెడదామా?" అన్నాను.

మళ్ళీ ఏడు సంక్రాంతికి వాడు వస్తూ రెండు ప్యాకెట్లు తెచ్చాడు. ఒకటి చికోరీ కలిపిన మామూలు ఫిల్టర్ కాఫీ పొడి. రెండోది చిక్కమగళూరు అరబికా, చికోరీ లేనిది. మూడోది మా వదిన తోటది. ఎర్రగా పండినవే ఏరి కోసి, నీళ్ళ బకెట్‌లో పోసి తేలిన తాలు తీసేసి, పల్పర్‌లో తొక్క ఒలిచి, ఒక రాత్రి నానబెట్టి జిగురు కడిగి, నేలకి తగలకుండా మంచె మీద ఎండబెట్టింది. నాలుగోది చిన్నాన్నది. కొమ్మ పట్టుకుని ఎరుపూ పచ్చా ఒక్కటిగా దూసి, తొక్కతోనే ఇంటి ముందు మట్టిలో ఎండేసినది. వదిన తోటకీ చిన్నాన్న తోటకీ మధ్య ఒక గెడ్డ మాత్రమే అడ్డం. అదే ఎత్తు, అదే నీడ, ఐ.టి.డి.ఏ. ఇచ్చిన అవే మొక్కలు. రెండు గింజల్నీ ఒకే మూకుట్లో, ఒకే పొయ్యి మీద కుర్రాడే వేయించాడు. ప్యాకెట్లవి మిషన్ మీద వేగినవి కాబట్టి పోటీ పూర్తిగా సమానం కాదు. ప్యారిస్ కాదుగా ఇది.

పాలూ పంచదారా లేవు. గ్లాసులో పొడి, దాని మీద మరిగి కాస్త నిమ్మళించిన నీళ్ళు. నాలుగు నిమిషాలయ్యాక పైన కట్టిన నురగని చెంచాతో నెట్టి వాసన చూడాలి. తర్వాత చప్పుడు వచ్చేలా జుర్రాలి. ఈ జుర్రడం దగ్గర మా బడిలో నాతో పనిచేసే మైదానం మాస్టారు మొహమాటపడ్డారు. చిన్నాన్నకి ఆ ఇబ్బంది లేదు. మార్కులకి కాగితాలు వద్దని ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇచ్చాం. నచ్చిన గ్లాసు ముందు నచ్చినన్ని పెట్టాలి. ఏ గ్లాసులో ఏముందో కుర్రాడికి తప్ప ఎవరికీ తెలీదు.

మైదానం మాస్టారు ఆరు గింజలు ఒకటో గ్లాసు ముందు పెట్టారు. "ఇదీ కాఫీ అంటే. చిక్కదనం చూడండి" అన్నారు. అది చికోరీ కలిపినది. ఆయన్ని తప్పుపట్టను. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైందే కాఫీ. నల్లని రంగూ చేదూ చికోరీ ఇస్తుంది. రొబస్టా గింజ కూడా ఆ మొరటు చేదు ఇస్తుంది. అరబికాకి అవి తక్కువ, వాసనా పులుపూ ఎక్కువ. రెండో గ్లాసు నాకు బాగుంది. మెత్తగా, వేయించిన వేరుశనగ పప్పు గుర్తొచ్చేలా ఉంది. మూడోది మొదటి గుక్కలో పలచన అనిపించింది. చల్లారుతున్నకొద్దీ కమలాపండు తొక్క నలిపినట్టు ఒక పులుపు పైకొచ్చింది. నా ఐదు గింజలు దానికే వెళ్ళాయి, మూడు చిక్కమగళూరుకి. వదిన ఏడు గింజలు మూడో గ్లాసు ముందు పెట్టి, మళ్ళీ ఒకసారి వాసన చూసి, ఎనిమిది చేసింది.

చిన్నాన్న అన్నీ రెండేసి సార్లు తాగాడు. ఆరు మూడోదానికి, నాలుగు రెండోదానికి. నాలుగో గ్లాసు ముందు ఒక్కటి కూడా లేదు. "దీన్లో తడిసిన గోనె కంపు ఉంది. ఎవడో పచ్చికాయ దూసేశాడు. మట్టిలో ఎండేశాడు" అన్నాడు.

కుర్రాడు నా మొహం చూశాడు. నేను వదిన మొహం చూశాను. చివరికి చెప్పక తప్పలేదు.

చిన్నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెయ్యి చాపి, మూడో గ్లాసు ముందున్న తన గింజల్లో రెండు తీసి నాలుగోదాని వైపు జరపబోయాడు. వదిన అరచెయ్యి అడ్డం పెట్టింది. అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. కాని ఆ నవ్వు సగమే.

2019లో మన దేశంలో ఐదు కాఫీలకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. కొడగు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలు, వయనాడు రొబస్టా, మన అరకు లోయ అరబికా. బాబాబుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి నాటాడని కన్నడ దేశంలో చెప్పుకునే కథ పదిహేడో శతాబ్దానిది. మన మన్యంలోకి కాఫీ వచ్చింది 1898లో, పాములేరు లోయకి. వాళ్ళకన్నా మనం రెండు వందల ఏళ్ళు చిన్న. అయినా ప్యారిస్‌లో ఇప్పుడు అరకు పేరుతో కాఫీ దుకాణం ఉంది. ఇవన్నీ బడిలో చెప్తున్నాను, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. చిన్నాన్న గ్లాసు చూశాక మాత్రం ఆ గుర్తింపు కాగితం మీద కొండ పేరే ఉంటుందనీ, రుచి మాత్రం కోసే చేతిలోనూ ఎండేసే చోటులోనూ ఉంటుందనీ అర్థమైంది.

మరి ఆ చేతికి ఏం ముడుతోంది? మర్నాడు నల్లబల్ల మీద లెక్క వేశాను. కిలో వేయించిన కాఫీకి దాదాపు ఏడు కిలోల పళ్ళు కావాలి. ఆ ఏడు మా ఊరి షావుకారు పళ్ళు కిలో 40 రూపాయలకి తూచుకున్నాడు. ఏడు కిలోలకి 280. కుర్రాడు తెచ్చిన చిక్కమగళూరు ప్యాకెట్ 250 గ్రాములు 350 రూపాయలు, అంటే కిలో 1400. మధ్యలోదంతా దోపిడీ అనను. ఒలవాలి, వేయించాలి, మోయాలి, అమ్మాలి. కాని 280కీ 1400కీ మధ్య ఎన్ని మెట్లున్నాయో, వాటిలో ఏ రెండు మెట్లు మనం ఎక్కగలమో మన పిల్లలకి లెక్కల పీరియడ్‌లోనే తెలియాలని నాకనిపిస్తుంది.

ఈ లెక్క చూపిస్తే చిన్నాన్న ఒప్పుకోలేదు. "ఒరే అబ్బాయ్, ఏరి కొయ్యాలంటే అదే మొక్క దగ్గరికి నాలుగుసార్లు ఎక్కాలి. దూస్తే రోజుకి రెండు బస్తాలు, ఏరితే బస్తా నిండదు. షావుకారు ఎరుపుకీ పచ్చకీ ఒకటే రేటు ఇస్తాడు. ఎక్కువెందుకు, జూన్‌లో అయిదు వేలు అతని దగ్గర తెచ్చుకున్నాను. పంట నా చెట్టు మీద ఉన్నా, నాది కాదు" అన్నాడు. ఈ మాటకి నా నల్లబల్ల మీద జవాబు లేదు. వదినకి ఆ అప్పు లేదు, మా అన్న జీతం ఉంది. ఎర్రపండు మాత్రమే తీసుకునే రైతుల సంఘానికి కిలోకి పది రూపాయలు ఎక్కువకి అమ్ముకోగలిగింది. రుచి తెలియకపోవడం ఒక కష్టం, తెలిసీ కోసుకోలేకపోవడం ఇంకో కష్టం. మీటింగుల్లో మనం మొదటిదాని గురించే ఎక్కువ మాట్లాడతాం.

పోయిన ఏడు జూన్‌లో అన్నా నేనూ కలిసి ఆ అయిదు వేలు సర్దాం. చిన్నాన్న తోటలో సగమే ఏరి కోశాడు. మిగతా సగం ఎప్పటిలాగే దూసేశాడు, నడుం నొప్పి అన్నాడు. ఆ సగం పళ్ళు సంఘానికి వెళ్ళాయి. రెండు కిలోల గింజ మాత్రం ఇంటికి ఉంచుకున్నాడు. వదిన మంచె మీదే ఎండేశాడు, వాన మబ్బు పడితే తనే పరుగెత్తి కప్పాడు.

మొన్న వెళ్ళినప్పుడు అది మూకుట్లో వేయించి, నాకొక గ్లాసు ఇచ్చాడు. పంచదార వెయ్యలేదు. నేను తాగేదాకా నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. గోనె వాసన లేదన్నాను. అంతకన్నా ఎక్కువ చెప్తానని ఎదురుచూశాడు కాబోలు, కాసేపాగి అడిగాడు.

"అవునుగాని, ఆ ప్యారిస్‌లో ఆవిడ కాగితం వెనక్కి అడిగిందన్నావు. ఇచ్చారా?"

"ఇవ్వలేదట చిన్నాన్నా."