పాత గొడ్డళ్ళు

హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో పాత ఇనుము కుప్పల ముందు కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. పళ్ళరిగిన రంపాలు, బాడిసలు, కామ ఊడిన గొడ్డళ్ళు అన్నీ ఒకే కాటాలో తూగుతాయి. గొడ్డలి దొరికితే నేను ముందు అంచు చూడను, పక్కలు తడిమి చూస్తాను. పాతకాలపు కమ్మరి చాలాసార్లు గొడ్డలంతా ఉక్కుతో చేసేవాడు కాదు. మెత్తటి ఇనుప పట్టీని కామ పట్టేలా మడిచి, కొసల మధ్య ఉక్కు ముక్క పెట్టి, కొలిమిలో తెల్లగా కాల్చి సమ్మెట దెబ్బలతో అతికేవాడు. ఉక్కు ఖరీదు, అందుకే అది అంచుకు మాత్రమే. తుప్పు కొంచెం వదిలితే ఆ అతుకు గీత ఇప్పటికీ కనిపిస్తుంది. నిజామాబాద్ సీమలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంతదూరం వచ్చారు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తులు మ్యూజియంలో అద్దాల బీరువా ఎక్కాయి. ఊరి కమ్మరి అతికిన గొడ్డలి మాత్రం కిలోల లెక్కన కరిగిపోతోంది. ఇది నేను సహించలేను.

తుప్పు వదిలించడం తేలికే. చింతపండు పులుసులో నానేసి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగి తడి లేకుండా తుడిచి నూనె రాస్తే చాలు. చెడేదంతా పదును పెట్టే గ్రైండరు దగ్గరే. కమ్మరి ఎర్రగా కాల్చిన అంచును నీళ్ళలో ముంచి గట్టిపరిచి, పెళుసుదనం పోవడానికి మళ్ళీ మెల్లగా వేడిచేసేవాడు. అంచు మీద తేలే లేత గడ్డిరంగు ముదిరి గోధుమరంగుకు తిరిగేలోపు, అంటే 230 నుంచి 260 డిగ్రీల మధ్య, ఆపేవాడు. థర్మామీటరు లేదు, ఆ రంగే ఆయనకు కొలత. గ్రైండరు చక్రానికి అదిమి పట్టామా, క్షణాల్లో అంచు మీద నీలిరంగు పాకుతుంది. అప్పటికి వేడి 300 దాటబోతోంది, ఉక్కు మెత్తబడిపోయింది. ఆ తర్వాత ఎంత సానబెట్టినా పదును నిలవదు. అందుకే నాకు సానరాయి, నీళ్ళు, ఓపిక చాలు. సుత్తి దెబ్బల గుంటలను కూడా నున్నగా అరగదీయను. ఆ దెబ్బలే కమ్మరి సంతకం.

కామకు బాగా ఆరిన తుమ్మ కర్ర తీసుకుంటాను. నార కామ పొడవునా సాగాలి, అడ్డంగా ఉంటే దెబ్బకు విరుగుతుంది. వదులైన గొడ్డలిని నీళ్ళలో నానబెట్టడం చాలామందికి అలవాటు. ఉబ్బిన కర్ర బెజ్జంలో ఇరుక్కుని నలిగిపోతుంది, ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. దాని బదులు మంచి చీల ఒకటి కొట్టాలి.

గోడకు తగిలించుకుంటామని అడిగేవాళ్ళకు నేనివ్వను. కట్టెలు కొట్టేవాళ్ళు అడిగితే, వాళ్ళ చేతికి కుదిరేలా కామ చెక్కి మరీ ఇస్తాను.