బీహడ్‌లో ఒక పగలు

చంబల్ పేరు వినగానే చాలమందికి బందిపోట్లు జ్ఞప్తికి వస్తారు. నది జ్ఞప్తికి రావడం అరుదు. వింధ్య పర్వతాలలో మహూ పట్టణానికి సమీపాన పుట్టి, దాదాపు 960 కిలోమీటర్లు ప్రవహించి యమునలో కలిసే ఈ నదికి ప్రాచీన నామం చర్మణ్వతి. దాని గట్ల వెంట మైళ్ల కొలది నేల చీలి, వంకలుగా, మిట్టలుగా పడి ఉన్నది. ఆ నేలను అక్కడివారు బీహడ్ అంటారు.

దానిని చూడవలెనని ఒక ఫిబ్రవరి ఉదయాన వయసు మళ్లిన దంపతులిద్దరు గ్వాలియర్ నుండి కారులో బయలుదేరినారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆమె ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించినవారు. మొరేనా దాటువరకు దారికి ఇరువైపులా ఆవచేలు పచ్చగా పూచి ఉన్నవి. పిమ్మట ఒకచోట చేను అకస్మాత్తుగా తెగిపోయి, 40 అడుగుల లోతున సర్కారు తుమ్మలు కనిపించినవి.

"ఇదంతా నది తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు. నది లోతుగా కోసుకొన్న కొలది, అందులోకి దిగే వాననీరు గట్టును కోస్తుంది. వంక తలవైపు పెరుగుతుంది, ఏటికేడు వెనుకకు, ఊరివైపు ప్రాకుతుంది" అని ఆయన వివరించినారు.

కొంత దూరాన ఒక యంత్రం మిట్టలను కోసి గుంటలను పూడ్చుతున్నది. ఆయన ముఖం వికసించినది. "చూచినావా, పనికిరాని నేల పంటనేల అవుతున్నది" అన్నారు.

"పనికిరానిది ఎవరికండీ?" అన్నారామె.

ప్రక్కచేనులో నిలబడిన వృద్ధుడు ఒకడు ఈ మాటలు విని దగ్గరకు వచ్చినాడు. "మా తాతగారి నాట ఆ కొన వరకు గోధుమ పండేది, బాబూజీ. నేడు అక్కడ మేకలు మేస్తున్నవి. నాకు మిగిలినది మూడెకరాలు. మా అన్న కొడుకు నిరుడు కొంత వంక పూడ్చి ఆవాలు చల్లినాడు. పంట బాగానే వచ్చినది. కాని శ్రావణంలో వాన తన ప్రాత దారిని మళ్లీ వెదకుకొన్నది" అన్నాడు.

డాకూలను గూర్చి ఆమె అడుగగా, ఆ మాటను అతడు సవరించినాడు. ఊరివారు వారిని ‘బాగీ’ అంటారట, అనగా తిరుగబడినవాడు. నేల తగవులో న్యాయం దొరకక బీహడ్‌లోకి దిగినవారు అనేకులు. 1960లో వినోబా ఎదుట, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ఎదుట ఎందరో ఆయుధాలు విడిచినారు. తగవులు మాత్రం తీరలేదు. వంక తినివేసిన పొలానికి సరిహద్దు ఎక్కడని చూపగలరు?

మధ్యాహ్నానికి వారు నదీతీరం చేరినారు. నీరు తేటగా ఉన్నది. ఇసుకతిన్నెపై సన్నని పొడుగు మూతులు గల ఘరియాల్ మొసళ్లు ఎండ కాచుకొంటున్నవి. మగదాని ముక్కుపైని ఉబ్బు ఘడాను, అనగా కుండను పోలి ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినదని ఆమె చెప్పినారు. ఒకనాడు సింధు మొదలు బ్రహ్మపుత్ర వరకు మెలగిన ఈ జాతికి నేడు చంబల్ ప్రధానమైన ఆశ్రయం. 1970ల చివర ఇది అభయారణ్యమైనది. అయినను 2007-08 శీతకాలంలో నూటికి పైగా మొసళ్లు ఇచ్చట మరణించినవి. అవి గ్రుడ్లు పెట్టే ఇసుకను దొంగతనంగా తరలించుకుపోయేవారు నేటికీ ఉన్నారు.

"బీహడ్ మనుష్యులను దూరంగా ఉంచినందుననే ఈ నది ఇంతమాత్రం బ్రతికినది" అన్నారామె.

ఆయన చాలసేపు ఆలోచించినారు. "వంక కడుపును పూడ్చనక్కరలేదు. వానను పడినచోటనే చేనుగట్లతో నిలిపి, వంక తలలను గడ్డితో ఆపితే చాలు. లోతట్టు నేలను చెట్లకు విడువవచ్చు. అప్పుడు చేనూ దక్కుతుంది, ఏరూ దక్కుతుంది" అన్నారు.

"ఆ గట్లకు కావలసిన నేల ఎవరి చేనులోనిది?"

తిరుగుదారిలో ఆయన వృద్ధుని చేను వద్ద కారు ఆపి, వంక తలనుండి గోధుమ తొలి సాలు వరకు అడుగులు వేసి కొలిచినారు. పదకొండు వచ్చినవి. గట్టుకు, గడ్డికి అందులో సగమైనా వదలవలెను. సాళ్లు కూడ కొన్ని పోవును. వృద్ధుడు ఆ లెక్క విని, వదలుటకు తాను సిద్ధమేనన్నాడు. కాని ఎగువ చేనువాడు కూడ గట్టు వేసిననే వాన ఆగుతుందనీ, వానితో తమ ఇంటికి పన్నెండేండ్లుగా మాటలు లేవనీ చెప్పినాడు.